మలుపుల మీద సరుగుడు తారు

1. మాఘం, పున్నమి దాటాక

రాళ్ళను నీళ్ళలో తూచాను. ముందు పొడిగా. తర్వాత నానబెట్టి, తుడిచి. తర్వాత బుట్టలో పెట్టి నీళ్ళలో వేలాడదీసి. కొండ మీద నల్లరాయి ఇది. నీటి బరువు ఒకటైతే దీని బరువు 2.65. మంచి రాయి, తారు ఎక్కువ తాగదు.

పోయిన తుఫానుకి ఘాట్ రోడ్డులో ఎనిమిది మలుపులు కొట్టుకుపోయాయి. వైశాఖం రాకముందే మా దిగువపేట మొత్తం ఆ దారినే మీదూరు ఎక్కాలి. వైశాఖం, జ్యేష్ఠం ఎండలకి కింద ఉన్నవాళ్ళు బతకరు. నీళ్ళ పీపాలతో, ముసలివాళ్ళతో బళ్ళు ఎక్కడానికి రెండు పగళ్ళు పడుతుంది. మధ్యాహ్నం ఎండ కొమ్ము ఊదగానే మనుషులు దారి పక్క పాకల్లోకి దూరతారు. బళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉంటాయి. తారు మెత్తబడితే చక్రాలు దిగిపోతాయి. కొండ మీద ఆ ఎండలో ఆగిపోయిన బండి చుట్టూ ఎంతమంది ప్రాణాలతో మిగులుతారో పేటలో అందరికీ తెలుసు.

రాయి ఎంత, తారు ఎంత అన్నది నా లెక్క. నేను మిక్స్ మేస్త్రిని. తారు వండేది మా బావ గవరయ్య, మా చెల్లి తవిటమ్మ మొగుడు. పూర్వం తారు నూనె బావుల నుంచి వచ్చేదట. ఇప్పుడు సరుగుడు కర్రని బట్టీలో మగ్గబెట్టి తీస్తాం.

గవరయ్య నమూనా తారు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఒకటీ పద్దెనిమిది,” అన్నాడు.

అంటే 1.18, నీటి కంటే అంత బరువు. నేను తల ఊపాను.

“బావా, నీ నోట్లోంచి మాట రావాలంటే దానికి కూడా మంట ఎట్టాలేటి?” అన్నాడు.

నవ్వాను. అతను నన్ను అలాగే అంటాడు, ఎప్పటి నుంచో.

బట్టీ మేస్త్రి డబ్బా ఇచ్చి సాంద్రత నోటితో చెబుతాడు. నేను ఆ డబ్బాలో తారుతో నమూనా దిమ్మలు పోసి లెక్క కడతాను. తర్వాత సీలు వేసిన డ్రమ్ములు వస్తాయి. ఎంత పోయాలో కాటా మీద చూసుకుంటాం గానీ, అది ఎలాంటి తారో మళ్ళీ చూడం. సాంద్రత చూసే తూకం సీసా పట్టుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్ళడమంటే వండినవాణ్ణి దొంగ అనడమే. ఒకప్పుడు ఎవరో వెళ్ళారట. ఆ రెండు ఇళ్ళ మధ్య ఇప్పటికీ నిప్పు కూడా ఇచ్చిపుచ్చుకోరు.

సాయంత్రం చెల్లి ఇంట్లో తిన్నాను. నాకు పెళ్ళి లేదు. రోజూ అక్కడే.

2. మాఘం చివర

దిమ్మలు పోశాను. వేడి రాళ్ళలో తారు కలిపి, అచ్చులో పోసి, పై నుంచి సుత్తి వేయాలి. చల్లారాక తూచాలి.

ఎండకి తారు ఉబ్బుతుంది. ఉబ్బడానికి లోపల చోటు ఉండాలి. నూటికి నాలుగు పాళ్ళు గాలి ఉంటే మంచి రోడ్డు. అయిదు దాటితే వాన దిగుతుంది. మూడు కంటే తగ్గితే తారు పోవడానికి దారి లేక పైకి తేలుతుంది. ఐదో తరగతి పిల్లలకి కూడా అర్థమయ్యే సంగతే. నా చదువూ అక్కడితోనే ఆగింది.

నూటికి ఆరు పాళ్ళ తారు వేసిన దిమ్మ సరిపోయింది. గాలే లేకపోతే ఆ ముద్ద 2.47 ఉండాలి. నా దిమ్మ 2.37 ఉంది. తేడా నాలుగు పాళ్ళు.

పేటపెద్ద సూరీడమ్మకి చెప్పాను. ఆవిడ ఎప్పటిలాగే, “ఎక్కుతామా దాలయ్యా?” అని అడిగింది.

“ఎక్కుతాం,” అన్నాను.

3. ఫాల్గుణం మొదట్లో

పని మొదలైంది. తెల్లారగానే పోస్తాం, ఎండ కొమ్ముకి ఆపేస్తాం. రోలరు తోలేది ఎర్రయ్యమ్మ. నలభై ఏళ్ళ మనిషి. రోలరుకీ నోటికీ బ్రేకు లేదని మనుషులు అంటారు.

నాలుగో మలుపులో రోలరు ఆపి దిగింది.

“మావా, మెత్తగుందేటి? రెండు సుట్లకే అణిగిపోతంది. ఎప్పుడూ నాలుగు తిప్పాలి.”

“వేడిగా ఉందేమో,” అన్నాను.

“వేడీ నేదు గాడిదగుడ్డూ నేదు. నా ఎనక తెలుస్తాది, నీ కాటాకి తెలుస్తాదేటి?” అంది. అంతా నవ్వారు.

కాలితో నొక్కి చూశాను. తేడా తెలియలేదు. ఎండ పెరిగే రోజులు కదా అనుకున్నాను.

4. ఫాల్గుణం మధ్య

డ్రమ్ములు చాలలేదు. ఎనిమిదో మలుపు చివరి దాకా రావాల్సినవి ఏడు దాటి సగంలో అయిపోయాయి. కాటా సరిచూశాను. కాటా బాగుంది. పోసిన తారు బరువూ సరిగానే ఉంది. డ్రమ్ములే ఎక్కువ పట్టాయి.

సాయంత్రం అన్నం దగ్గర గవరయ్యతో అన్నాను.

“నీ రాళ్ళకి దాహం ఎక్కువ బావా,” అన్నాడు. “కల్లు దుకాణం కాడ మా తమ్ముడు లాగ. ఇంకో రెండు డ్రమ్ములు పంపుతానులే.”

రాయి ఎక్కువ తాగితే బరువు కూడా ఎక్కువ పట్టాలి కదా అని అడగబోయాను. చెల్లి అప్పుడే నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది. తినేశాను.

రాత్రి పడుకునే ముందు కూడా ఆ ప్రశ్న అలాగే ఉంది. డ్రమ్ము నిండా తారు ఉండి బరువు తగ్గిందంటే తారే తేలికై ఉండాలి. కానీ ఆ మాట అనుకోవడానికే సిగ్గేసింది. ఎవరి గురించి అనుకుంటున్నాను?

5. ఫాల్గుణం చివర

రోడ్డులోంచి గుండ్రటి ముక్కలు కోసి తూచాను. 2.37. గాలి నాలుగు పాళ్ళు. కాగితం మీద అంతా బాగుంది.

లెక్క బాగుంటే ఎర్రయ్యమ్మ చెప్పింది తప్పయి ఉండాలి. ఆమెతో ఆ మాటే చెప్పాను.

“అలగే మావా. నీ కాగితం మీద నుంచి ఎక్కుదాం,” అంది.

6. చైత్రం

ఈ ఏటి మొదటి పెద్ద ఎండ. కొమ్ము ఊదారు. నేను కిందికి రాలేదు. అయిదో మలుపు పాకలో కూచున్నాను, తల మీద తడి గుడ్డ కప్పుకుని.

మధ్యాహ్నానికి రోడ్డు రంగు మారింది. ముందు బూడిద రంగు పోయి నల్లబడింది. తర్వాత మెరిసింది. తడిలాగా ఉంది గానీ తడి కాదు. కర్రతో గుచ్చాను. తారు కర్రకి అంటుకుని తీగలాగా సాగింది. ఒక రాయి తీసుకెళ్ళి రోడ్డు మీద పెట్టి మళ్ళీ పాకలోకి వచ్చాను. కాసేపటికి ఆ రాయి ఒక పక్కకి ఒరిగి, సగం దిగింది.

దాని మీద నీళ్ళ పీపాల బండిని ఊహించాను. తర్వాత దాని వెనక ఉన్న బళ్ళని.

నా లెక్కే తప్పేమో అని మొదట అనుకున్నాను. పాకలో కూచుని వేలితో దుమ్ములో రాసి అంతా మళ్ళీ కట్టాను. రాయి తప్పు కాదు. ముక్కల బరువు తప్పు కాదు. లెక్కలో నేను తూచకుండా వేసిన అంకె ఒక్కటే ఉంది.

7. చైత్రం, మర్నాడు

మిగిలిన డ్రమ్ము సీలు తీశాను. తలుపు వేసుకున్నాను. పగలే వేసుకున్నాను, ఎవరో ఏదో అనుకుంటారని కూడా చూడలేదు. ఖాళీ సీసా తూచాను. నీళ్ళతో తూచాను. తారుతో తూచాను. ఇంకోసారి తూచాను.

1.09.

డబ్బాలో మిగిలిన తారు కూడా తూచాను. అది 1.18. అతను చెప్పినంతే.

డబ్బాలోది ఒకటి, డ్రమ్ములోది ఇంకొకటి. డ్రమ్ము మూత తీస్తే సరుగుడు వాసనకి అడుగున చేదు వాసన ఉంది. కానుగ నూనె. తారు తేలికైతే అదే బరువుకి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నేను గాలి అనుకున్న చోటంతా అదే నిండింది. ఆ అంకెతో లెక్క మళ్ళీ కడితే గాలి మూడు పాళ్ళు కూడా లేదు. పైగా నూనె కలిసిన తారు ఎండకి ఇంకా తొందరగా కరుగుతుంది.

సీసా కడిగి పెట్టేశాను. చేతుల వాసన పోలేదు.

8. అదే రోజు సాయంత్రం

గవరయ్య తింటున్నాడు. చెల్లి నాకూ కంచం పెట్టింది. కూచోలేదు.

“ఎంత కలిపినావు?” అన్నాను.

“ఏటి?”

“కానుగ నూనె.”

అతను చేపముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. “సీసా ఎట్టినావేటి?”

“ఎట్టినాను.”

“నా డ్రమ్ముకి సీసా ఎట్టినావు,” అన్నాడు మళ్ళీ. తప్పు నేను చేసినట్టే అన్నాడు. కాసేపు నాకూ అలాగే అనిపించింది.

తర్వాత చెప్పాడు. మీదూరు వాళ్ళ నీళ్ళ టాంకు కారిపోతోంది. లోపల పూతకి స్వచ్ఛమైన తారు అడిగారు. ఇస్తే ఏడాదంతా ఉండిపోవడానికి మీదూరులో ఇల్లు ఇస్తామన్నారు. మంచి తారు అక్కడికి పోయింది. మనకి తగ్గింది. తగ్గింది నూనెతో నింపాడు.

“మూడో వంతే బావా. అంతకన్నా కలపనేదు. రోడ్డు కాస్తాది, బళ్ళని మోస్తాది.”

“కాయదు. సూసినాను.”

“మరైతే పొద్దున్నే ఎక్కుతారు, సల్లపూట. ఏదో ఒకటి సేస్తారు.”

“ముసిలోళ్ళు, పీపాలు. రెండు పగళ్ళు.”

అతను ఇంకో ముద్ద కలిపాడు. నేను చెల్లి వైపు చూశాను. నీకు తెలుసా అని అడగలేదు. ఆమే చెప్పింది.

“మొదట్నించీ తెలుసు అన్నియ్యా. మా అత్తని మోసుకెళ్ళి కొండ మీద కప్పెట్టినాం. గుర్తుందా? ఏటా ఎక్కడం, ఏటా దిగడం. నా మోకాళ్ళు సూడు. ఎక్కలేని ఏడు వస్తే నన్నెవుడు మోస్తాడు?”

“నాను మోస్తాను,” అన్నాను.

“నిన్నెవుడు మోస్తాడు?” అంది.

మలుపులు పోసినన్నాళ్ళూ రోజూ నాకు అన్నం పెట్టింది. డ్రమ్ములు చాలలేదని నేనన్నప్పుడు చేప ముక్క వేసింది. అది తెలిసి వేసింది.

కంచం ముట్టుకోకుండా వచ్చేశాను. వీధి చివర దాకా వచ్చాక ఆకలేసింది. అది కూడా అవమానంగానే ఉంది.

9. చైత్రం, పేట కూడిన సాయంత్రం

కొండ ఎక్కుడుకి రోజు పెట్టడానికి అంతా కూడారు. నేను నలుగురిలో లేచి మాట్లాడే మనిషిని కాను. లేచాను.

“డ్రమ్ములో తారు ఒకటీ సున్నా తొమ్మిది,” అన్నాను. “రోడ్డు కాయదు.”

కానుగ నూనె సంగతి చెప్పేలోపే అందరూ గవరయ్య వైపు తిరిగారు.

“డ్రమ్ముకి సీసా ఎట్టినావా దాలయ్యా?” అంది సూరీడమ్మ. ఆవిడ కూడా ముందు అదే అడిగింది.

“ఎట్టినాను.”

“నాను సెప్పింది ఒకటీ పద్దెనిమిది,” అన్నాడు గవరయ్య. “డబ్బా ఆయన కాడే ఉంది. తూయించండి. ఆ అంకె తప్పయితే నన్ను ఇక్కడే పాతీండి.”

డబ్బా తూస్తే అతను చెప్పిందే వస్తుంది. డ్రమ్ము తూయించండి అన్నాను. వినబడిందో లేదో. అప్పుడు చెల్లి లేచింది. నా వైపు చూడలేదు.

“మా అన్నియ్యకి సూపు ఆనడం నేదమ్మా,” అంది. “మొన్న మా ఇంట్లో ఉప్పనుకుని సోడా డబ్బా తీసినాడు. కాటా ముల్లు ఏటి కనిపిస్తాది? పాపం, ఎవులికీ సెప్పుకోడు.”

సోడా డబ్బా తీసిన మాట నిజమే. వంటింట్లో చీకటిగా ఉంది. ఆ రోజు ఆమె కూడా నవ్వింది. ఆ నవ్విన సంగతినే తెచ్చి ఇక్కడ పెట్టింది.

ఎవరో, “పెద్దోడయిపోనాడు,” అన్నారు. జాలిగానే అన్నారు. మర్యాదగా కూచోబెట్టారు.

ఇక నాకు ఒక్కటే మిగిలింది. కొత్త రోడ్డు పోసిన మిక్స్ మేస్త్రి ముందు ఎక్కాలి. అతను ఎక్కితేనే దారి తెరిచినట్టు.

“నానెక్కను,” అన్నాను.

“ఏటన్నావు?”

“సన్న కంకర కాల్చి, మిట్టమజ్జానం తారు తేలినప్పుడు సల్లాలి. రోలరు తిప్పాలి. అన్ని మలుపులూ. అప్పుడెక్కుతాను.”

నా బతుకులో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

10. చైత్రం, ఎండలు ముదిరాయి

మొదటి మలుపులో కూచున్నాను. ఎవరు వచ్చి పిలిచినా లేవలేదు. కొందరు తిట్టారు. ఎక్కుడు ఆలస్యమైతే కింద ఎండ ఊరుకోదు. ఆ సంగతి నాకూ తెలుసు.

సూరీడమ్మ చివరికి వచ్చింది. “అలగే. నీ కంకర నువ్వు సల్లుకో. అయినాక ఎక్కు. ఇదే ఆఖరు,” అంది. మనుషుల్ని ఇచ్చింది. వాళ్ళు గొణుక్కుంటూ వచ్చారు.

గవరయ్య, చెల్లి ఇక్కడ లేరు. మీదూరులో పాకలు సర్ది ఉంచుతామని సూరీడమ్మని ఒప్పించి, చిన్న బండి మీద తెల్లారకముందే ఎక్కేశారు. తేలిక బండి, చల్లపూట. వాళ్ళకి రోడ్డు కాసింది.

కంకర పెనాల మీద కాలుస్తాం. తారు తేలేది మధ్యాహ్నమే కాబట్టి పని అప్పుడే చెయ్యాలి. కొమ్ము ఊదాక బయట ఉండకూడదని చిన్నప్పటి నుంచి అందరికీ నేర్పుతాం. ఇప్పుడు కొమ్ము ఊదాకే బయటికి రమ్మంటున్నాను. తడి గుడ్డలు చుట్టుకుని పారలతో చల్లాం. ఎర్రయ్యమ్మ రోలరు సీటు మీద తడి గోనె వేసుకుంది.

“మావా, నీ సీసా అబద్దమైతే నిన్ను ఈ రోలరు కిందే ఎట్టేస్తాను,” అంది. ఆమె ఒక్కతే నాతో మాట్లాడింది.

మూడో మలుపులో ఒకడు పడిపోయాడు. పాకలోకి ఈడ్చి నీళ్ళు పోశాం. బతికాడు గానీ మాట తడబడుతోంది. వాళ్ళమ్మ నా వైపు చూసిన చూపు రాయడం నాకు రాదు.

కంకర తారుని పీల్చుకుంది. మెరుపు తగ్గింది. ఎనిమిదో మలుపు అయ్యాక కర్రతో గుచ్చి చూశాను. కర్ర దిగలేదు.

11. చైత్రం అమావాస్య ముందర

ఎక్కాం. ముందు నేను, వెనక పేట. చక్రాల కింద కంకర కరకరలాడింది. మధ్యాహ్నం బళ్ళు మలుపుల్లో ఆగాయి. నేను పాకలోంచి చక్రాలనే చూస్తూ కూచున్నాను. ఒక్కటీ దిగలేదు.

సాయంత్రం నా వెనక, మూడో మలుపులో పడిపోయినవాడి అన్న అన్నాడు: “ఏటీ అవనేదు. ఈ ముసిలోడి సూపుకి మా తమ్ముడి మాట పోనాది.”

తిరగలేదు. రోడ్డు కాసింది కాబట్టి నేను చెప్పింది అబద్ధమైంది. కాయకపోయుంటే నిజమయ్యేది. అలా కావాలని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. పోనీ, అది చాలు అనుకున్నాను.

12. మీదూరు గేటు

గేటు దగ్గర వరస కట్టాం. వేసవి మనుషులకి పాకల నంబర్లు ఇస్తున్నారు. కాపలా అతను కుర్రవాడు, మర్యాదస్తుడు. నా పేరు అడిగాడు. చెప్పాను.

“దాలయ్యగారంటే మీరేనా? మీరు ఈ వరసలో ఎందుకండీ?” అన్నాడు. “మీ చోటు పైన. గవరయ్యగారింట్లో మూడో మనిషి కదా. మీది పక్కా.”

“పక్కా ఏటి?” అంది ఎర్రయ్యమ్మ నా వెనక నుంచి.

“ఏడాదంతా ఉండిపోయేవాళ్ళండి. టాంకుకి తారు ఇచ్చారు కదా, ముగ్గురికి మాట ఇచ్చాం. మాఘంలోనే.”

వరస అంతా విన్నది. నేను గేటు చువ్వ పట్టుకున్నాను. మాఘంలో నేను రాళ్ళు తూస్తున్నాను.

“నాకు తెలీదు,” అన్నాను.

ఎర్రయ్యమ్మ మెల్లగా అంది, ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడదు. “అదా సంగతి. డ్రమ్ములో ఏటుందో నీకు ఎలాగ తెలిసిందా అనుకున్నాను మావా. ముగ్గురూ పంచుకున్నారు. పంపకం కాడ ఏదో తేడా వచ్చింది. అంతేనా?”

“కాదు.”

“సూరీడమ్మా, ఇన్నావా? తారు నిజంగానే కల్తీ. ఈయనకీ ఇల్లుంది.”

మూడో మలుపులో పడిపోయినవాడి తల్లి వరసలోనే ఉంది. కొడుకు చెయ్యి పట్టుకుని ఉంది.

చెప్పడానికి చాలా ఉంది. ఒక్కటీ వరసగా రాలేదు. నేను మాట్లాడనివాణ్ణని అందరికీ తెలుసు. ఈసారి నా ఊరుకోవడం వాళ్ళకి ఒప్పుకోవడంలా కనిపించింది.

చెల్లి గేటు లోపలి వైపు వచ్చి నిలబడింది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు.

“లోపలికి రా అన్నియ్యా. ఎండలో నిలబడకు.”

“నా పేరు ఎవరు సెప్పినారు?”

“నానే,” అంది. “నిన్ను కింద ఒగ్గీసి ఉండగలనా?”

“అడగనేదే.”

“అడిగితే వద్దంటావని అడగనేదు.” ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజం నీళ్ళే. పేట ముందు నాకు చూపు లేదని చెప్పిన మనిషి కూడా ఆమే. “ఇప్పుడు వాళ్ళు నిన్ను బతకనివ్వరు. రా.”

ఆమె అన్నది కూడా నిజమే. దాన్ని అలా నిజం చేసింది ఆమే. నాకు మిగిలిన చోటు వాళ్ళిల్లొక్కటే అయ్యేలా చేసి, ఆ గుమ్మంలో నిలబడి చెయ్యి చాచింది.

కాపలా అతను గేటు ఇంకాస్త తెరిచి పట్టుకున్నాడు.

“నాకు పాక నంబరు ఇయ్యి బాబూ,” అన్నాను.

“మీకు రాదండీ. పక్కా ఉన్నవాళ్ళకి పాక ఇవ్వం.”

“ఖాళీ ఉంటే ఇయ్యి. ఆఖర్న.”

అతను ఆలోచించాడు. “అందరికీ ఇచ్చాక మిగిల్తే చూస్తానండి,” అన్నాడు.

వరస పక్క నుంచి వెనక్కి నడిచాను. అందరి ముందు నుంచీ నడవాల్సి వచ్చింది. దారిలో ఇద్దరు బళ్ళు జరిపారు, నాకు తగలకుండా. చెల్లి ఇంకా పిలుస్తూనే ఉంది. వరస చివర ఒక ముసలావిడ నీళ్ళ పీపా మీద కూచుని ఉంది. ఆమె వెనక నిలబడ్డాను. ఆమె లేచి, పీపాని ముందుకి జరుపుకుని, నాకు కాస్త ఎడంగా మళ్ళీ కూచుంది.